గమ్మునుండు

మా తిరపతిలో ఈ మాటకు ఎన్ని చేతులో.
ఒక చెయ్యి బిడ్డ వీపు నిమురుతుంది, గమ్మునుండు నాయినా.
ఒకటి చావింట్లో మోకాలు తడుతుంది.
ఇంకొకటి నోటి మీదికి వస్తుంది.
చీకట్లో అన్నీ ఒకే చెయ్యి మాదిరుంటాయి.

గంగమ్మ జాతర వారం, శుక్రవారం, తోటి వేషం.
ఒంటినిండా బొగ్గుపొడి, మెడలో వేపమండలు.
తాతయ్యగుంట సందుల్లో తిట్టినోడికి పాపం లేదు,
పడినోడికి రోషం లేదు.
దాక్కున్న పాలెగాణ్ణి బయటికి లాగను
అమ్మ తిట్టిన తిట్లంట ఇవి.

మా చెంగల్రాయుడు స్టేషన్ పక్క లాడ్జికి దుప్పట్లు ఉతుకుతాడు.
ఆ పొద్దు లాడ్జి ఓనరు వాకిట్లో నిలబడి
ఆయన నాయిన మీసాన్నీ, తాత పంచెనీ,
ఈడ రాయలేని ఇంకా ఏమేమో వరసల్నీ
ఏకబిగిన ఉతికి ఆరేసినాడు.
ఓనరు బొజ్జ పట్టుకొని నవ్వినాడు.
యాభై నోటు బొగ్గు చేతిలో పెట్టి
"బాగా తిట్టినావురా,
ఈ యేడు మా ఇంటికి జరం కూడా రాదు" అన్నాడు.

అప్పుడు చెంగల్రాయుడు గొంతు తగ్గించినాడు.
చేతులు కట్టుకున్నాడు.
"అయ్యా, తమరేమీ అనుకోకండి.
పదకొండు నెలల దుప్పట్ల లెక్క
ఒక్కసారి చూస్తే..."

కరెంటు పోయినట్టు పోయింది నవ్వు.
డప్పు మునికిష్టుడు ఎత్తిన పుల్ల దించలేదు.
"ఏందిరా ఆ మాటలు, పండగ పూట?"
"ఆడోళ్లున్నారు, చూసుకో" అన్నారెవరో,
అంతసేపూ ఆ ఆడోళ్లు తిట్లకు పగలబడి నవ్వినోళ్లే.
"పెద్దాయనతో పద్ధతిగా మాట్లాడు."
అందరికంటే ముందు వాడి భుజం పట్టుకొని
గమ్మునుండు అన్నది మాత్రం నేనే.

నేను దర్జీని.
అదే లాడ్జికి దిండు గలీబులు కుడతా.
నాకూ రావాల్సింది ఉంది.
ఎంతో చెప్పను, మర్యాదగా ఉండదు.

నోటికి గడప ఉండాలనే అంటా, ఇప్పటికీ.
ఎదురింటి సుగుణమ్మ మొగుడు
ఆఖరి రాత్రి ఆస్పత్రిలో ఎవరి పేరు పిలిచినాడో
పక్కనున్న నాకు తెలుసు.
ఆమె రెండుసార్లు అడిగింది. నిన్నేనమ్మా అన్నా.
ఆ మాట మింగితే బరువెక్కింది నా కడుపే.
చెంగల్రాయుణ్ణి మింగమన్నానే,
ఆ రాత్రి కాలింది వాడి కడుపు, వాడి పిల్లోళ్ల కడుపు.
మొదటిది గడప. రెండోది బయట పెట్టిన గొళ్లెం.
రెండూ తలుపు దగ్గరే ఉంటాయి గదా,
తడబడినా అని చెప్పుకోవచ్చు.
తడబడలేదు.

పొద్దు వాలినాక వీధి కొళాయి కింద
వాడు బొగ్గు కడుక్కుంటా ఉన్నాడు.
నల్ల నీళ్లు నా చెప్పుల దాకా వచ్చినాయి.
"మర్యాదగానే గదన్నా అడిగింది" అన్నాడు.
"తిట్టులో కలిపి అడిగుంటే నవ్వేటోడేమో."
కాసేపాగి వాడే,
"నవ్వేటోడు. ఇచ్చేటోడు గాదు."

నాకేమీ తోచలేదు. సబ్బు ఇచ్చినా.

"రేపు దొర వేషం గదా" అన్నాడు ముఖం రుద్దుకుంటా.
తిట్లకు బయటికి రాని పాలెగాడు
దొరొచ్చినాడని దండం పెట్టను వచ్చి దొరికినాడంట,
మా అవ్వ చెప్పేది.
"నీ కాడ కోటేమన్నా ఉందా?"

ఉంది. ఎవరో కుట్టించుకొని
తీసకపోవడం మరిచిపోయింది.
భుజాల కాడ లూజు.
రాత్రంతా మిషన్ ముందర కూర్చోని బిగించినా.
లోపలి జేబు లేదు దానికి.
ఒకటి పెట్టినా, లెక్క చీటీ పట్టేంత.

తెల్లారుజామున కుట్టు విప్పి
ఇంకో అంగుళం పెంచినా.
రెండు చీటీలు పట్టాల.